ఎడమవైపు ఎండ

ఆ ఏడు ఎండలు ఇంకా ముదరక ముందే మా ఆవిడ చెయ్యి ముదిరింది.

అంతకు ముందు రెండు వేసవుల్లోనూ అలాగే వచ్చింది. మొదట ఎడమ ముంజేతి మీద దురద. మర్నాటికి ఆవగింజలంత ఎర్రటి పొక్కులు. నాలుగు రోజులకి అవన్నీ కలిసిపోయి ఒకటే మంట, రసి కారడం, ఆ తర్వాత పొట్టు రాలడం. తగ్గిందనుకున్న వారానికి మళ్ళీ మొదలు. వానలు పడగానే మాత్రం చీపురు పెట్టి ఊడ్చినట్టు పోయేది. పోయినదాని గురించి ఎవరు ఆలోచిస్తారు? మేమూ ఆలోచించలేదు. మూడో ఏడు అది చేతితో ఆగలేదు. మెడకెక్కింది, అక్కణ్ణుంచి చెంపకి పాకింది.

నాది మందుల షాపు. ఇరవై ఆరేళ్ళుగా అదే వీధి, అదే బల్ల, అదే స్టూలు. నేను డాక్టర్ని కాను. అవునని ఎప్పుడూ చెప్పుకోలేదు కూడా. కానీ వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా, కడుపు నొప్పి వచ్చినా ముందు నా దగ్గరికే వచ్చేవారు. "మీ చేత్తో ఇస్తే చాలండీ, తగ్గిపోతుంది" అనేవారు. ఆ మాట ఇరవై ఆరేళ్ళు వింటే ఎవరికైనా ఒంటపడుతుంది. నాకూ పట్టింది.

మా ఆవిడ డ్రైవింగు నేర్పేది. ఆడవాళ్ళకి నేర్పడానికని ఆ స్కూలు వాళ్ళు తీసుకున్నారు గాని, తర్వాత మగవాళ్ళు కూడా ఆవిడే కావాలని అడిగేవారు. ఎందుకంటే అరవదు. కారు గోడ మీదికి వెళ్తున్నా "నెమ్మదిగా, ఎడమ కాలు, ఎడమ కాలు" అంటుంది తప్ప గొంతు పెంచదు. తన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చి ఉంటాయి. పొద్దున ఆరున్నర నుంచి పన్నెండు దాకా, మళ్ళీ మూడు నుంచి ఆరు దాకా ఆ చిన్న తెల్ల కారులో కూర్చునేది. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు ముందు, కుడివైపు. ఆవిడ ఎడమవైపు. పదకొండేళ్ళుగా అంతే. ఇది మాకు తెలియని సంగతేమీ కాదు.

"ఏదో పడలేదు నీకు" అన్నాను మొదటి వారం, చెయ్యి తిప్పి చూసి. "దానికి తోడు చెమట. అద్దాలెత్తుకుని ఏసీ వేసుకో. ఈ ట్యూబు రాయి."

ఆ ట్యూబు నా బ్రహ్మాస్త్రం. రాస్తే మూడో రోజుకి ఎరుపు దిగిపోయేది. ఆపితే ఐదో రోజుకి రెట్టింపయ్యేది. రెండేళ్ళుగా చేతికి అలా రాస్తూ, ఆపుతూ వచ్చి, ఆ ఏడు చెంపకీ అదే రాసేసరికి అక్కడి చర్మం ఉల్లిపొరలా పల్చబడింది. లోపల సన్నటి ఎర్ర నరాలు కనిపించేవి. ఎండకి కమిలిందిలే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

ఇక ఏది పడలేదో పట్టుకోవడం నా పని అయింది. మా ఇంట్లోంచి ఒక్కొక్కటే బయటికి వెళ్ళడం మొదలుపెట్టింది. ముందు సబ్బు. తర్వాత బట్టలుతికే పొడి. గుడ్లు, చేపలు, వంకాయ. తలకి రాసుకునే నూనె. కిటికీలో పెంచుకున్న నాలుగు పూలకుండీలు పక్కింటికి వెళ్ళాయి. కారు సీటు మీద కొత్త కవరుకి ఘాటు వాసన ఉందని దాని మీద పాత దుప్పటి పరిపించాను. ఆవిడ ఏదీ కాదనలేదు. చెప్పినవన్నీ మానేసింది. తినడానికి ఏం మిగిలిందో చూసుకుని అదే వండేది.

చివరికి పిల్లి వంతు వచ్చింది.

పిల్లి మా అమ్మాయిది. అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు. ఫోనులో జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం. రోజంతా తిట్లు తిని, ప్రతి తిట్టుకీ "అర్థమైందండీ" అని, ఇంటికొచ్చి ఆ పిల్లితో గంటసేపు మాట్లాడితే గాని మళ్ళీ మనిషయ్యేది కాదు.

"పిల్లి వచ్చి ఆరేళ్ళయింది నాన్నా. అమ్మకి మొదలై మూడేళ్ళు. మొదటి మూడేళ్ళూ పిల్లి సెలవులో ఉందా?"

"ఒంటికి ఎప్పుడు ఏది పడదో ఎవరు చెప్పగలరు?"

"నువ్వు చెప్తున్నావుగా!"

వాళ్ళమ్మ మధ్యలోకి వచ్చింది. "పోనీలేవే, ఒక్క నెల. తగ్గకపోతే తెచ్చుకుందువుగాని."

పిల్లిని బుట్టలో పెట్టి స్నేహితురాలింటికి తీసుకెళ్ళింది. వెళ్ళేటప్పుడు అమ్మాయి నా వైపు చూడలేదు. పిల్లి చూసింది.

నెల తిరక్కుండానే పొక్కులు చెవి దాకా వచ్చాయి.

ఆవిడ పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకుంది. మెడకి పల్చటి గుడ్డ చుట్టుకునేది. అయినా ఏం దాగుతుంది? ఒకరోజు భోజనాల దగ్గర, ఎవరో అడిగినట్టు, "ఇవాళ ఒకావిడ నేను పట్టుకున్న గేరు తడిగుడ్డతో తుడుచుకుని మరీ పట్టుకుంది" అంది.

"ఎవరావిడ?" అంది అమ్మాయి, కంచంలో చెయ్యి ఆపేసి.

"ఎవరైతేనేం. మంచిదేగా, గేరు శుభ్రపడింది." ఇంకో ముద్ద కలుపుకుంటూ అంది. "రేపట్నుంచి రాదట. వాళ్ళ చెల్లెలు కూడా రాదట."

"రేపు చర్మం డాక్టరు దగ్గరికి వెళ్దాం" అంది అమ్మాయి.

"వెళ్ళి? వాళ్ళేం రాస్తారో నాకు తెలీదా? ఇవే ట్యూబులు. వాళ్ళు రాసిన చీటీలు పట్టుకుని జనం వచ్చేది నా దగ్గరికే."

"చీటీ చదవడం వేరు నాన్నా, రాయడం వేరు."

"అంటే? ఇరవై ఆరేళ్ళు నేను అక్కడ కూర్చుని గోళ్ళు గిల్లుకున్నానా? ఈ వీధిలో సగం మందికి..."

"ఇద్దరూ కాస్త ఆగండి" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "దురద నాది."

ఆవిడ లేచి, చెయ్యి కడుక్కుని, తడిగుడ్డ చెంపకి ఒత్తుకుంటూ గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ వారమే దురదకి ఇంకాస్త గట్టి బిళ్ళ మొదలుపెట్టాను. పడుకునే ముందు ఒకటి, పొద్దున ఒకటి.

"పొద్దున కూడానా? నిద్రొస్తుందేమో" అంది బిళ్ళని అరచేతిలో పెట్టుకుని.

"రెండ్రోజుల్లో అలవాటైపోతుంది."

నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. నేనిచ్చింది వేసుకోవడానికి ఆవిడ ఎప్పుడూ రెండోసారి అడగలేదు.

*

ఆవిడ దగ్గర నేర్చుకునేవాళ్ళలో ఒక పెద్దాయన ఉండేవారు. అరవై మూడేళ్ళు. ఏదో ఆఫీసులో హెడ్డు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. మా ఇంట్లో ఆయన పేరు బ్రేకులాయన. ఏది కనిపించినా బ్రేకు తొక్కేవారు. ఎదురుగా ఆవు వస్తే సరే, రోడ్డు మీద కాకి నీడ పడినా తొక్కేవారు. లైసెన్సు పరీక్ష మూడుసార్లు తప్పారు. ఆయన గురించి చెప్పేటప్పుడు మాత్రమే ఆ వేసవిలో మా ఆవిడ నవ్వేది.

ఒక మధ్యాహ్నం పదకొండున్నర వేళ ఆయన నా షాపుకి వచ్చారు. నుదుటి మీద ప్లాస్టరు. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుని ఉన్నారు.

"మీరు కంగారు పడకండి" అన్నారు. "అమ్మగారికి ఏమీ కాలేదు. కారు... కారు గోడకి తగిలింది."

బల్ల ఇవతలికి ఎలా వచ్చానో గుర్తులేదు.

"గోదాముల వెనక మైదానంలో తిప్పుతున్నామండీ. తప్పు చేస్తే అమ్మగారు చెప్తారు. ఏమీ అనకపోతే బాగా నడుపుతున్నట్టు. మొదటిరోజే అలా చెప్పారు నాకు. ఇవాళ చాలాసేపు ఏమీ అనలేదండీ. ఇన్నాళ్ళకి బాగా వచ్చిందనుకున్నాను. ఆ ధైర్యంతోనే బ్రేకు వెయ్యలేదు." ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "గోడ దగ్గరకొచ్చాక చూస్తే ఆవిడ తల అద్దానికి ఆనించి ఉన్నారు. నిద్రపోతున్నారు."

షట్టరు సగం దించి వెళ్ళాను. స్కూలు ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది ఆవిడ. దెబ్బ కాదు, ఆ పొక్కులే పొంగి ఎడమ చెంప ఉబ్బి, ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఆ మొహం నేను పొద్దున చూసిన మొహం కాదు. కారు ముందు దీపం పగిలి, మూతి సొట్టపడి ఉంది. స్కూలు యజమాని చెడ్డవాడేం కాదు. తల గోక్కుంటూ నిలబడ్డాడు. "కొన్నాళ్ళు రెస్టు తీసుకోండి మేడమ్. బాగయ్యాకే చూద్దాం" అన్నాడు. ఆవిడ కొంగుముడి విప్పి, తాళంచెవి తీసి ఆయన చేతికిచ్చింది.

ఇంటికి వచ్చే దారిలో ఆటోలో అంది. "కళ్ళు తెరుచుకునే ఉన్నాననుకున్నాను."



కాసేపాగి, "నిద్రొస్తుందేమోనని అడిగాను మిమ్మల్ని" అంది. నిష్ఠూరంగా అనలేదు. జరిగిందేదో వరసలో పెట్టుకుంటున్నట్టు అంది. ఆ వేసవి మొత్తం మీద నన్ను ఆవిడ అన్న మాట అదొక్కటే.

ఆ సాయంత్రం అమ్మాయి డాక్టరు దగ్గర సమయం తీసుకుని, "రేపు మూడింటికి" అని గోడ వైపు తిరిగి చెప్పింది.

*

డాక్టరమ్మ మా అమ్మాయి కంటే ఏడెనిమిదేళ్ళు పెద్దదై ఉంటుంది. చిన్న గది. ఒక బల్ల, మూడు కుర్చీలు, పడమటి వైపు కిటికీకి మందపాటి తెర. నేను అప్పటికే ఒక కాగితం మీద ఏ తారీఖున ఏ మందు వాడామో అన్నీ రాసి తెచ్చాను. ఆ కాగితం డాక్టరమ్మ ముందుకి జరిపాను. "చూస్తానండీ. ముందు అమ్మని చూడనివ్వండి" అంది.

అంత నిదానంగా ఒక మనిషి చర్మాన్ని చూసేవాళ్ళని నేను చూడలేదు. దీపం ఉన్న చిన్న భూతద్దం పట్టుకుని మోచెయ్యి నుంచి వేళ్ళ దాకా వచ్చింది.

"గడియారం తియ్యండి."

పట్టీ కింద చర్మం చెక్కుచెదరకుండా ఉంది, గీత గీసినట్టు.

"ఉంగరం కూడా. ఆఁ. ఇప్పుడు గడ్డం ఎత్తండి." గడ్డం కింద నున్నగా ఉంది. మడతపడే చోట మెడ మీద కూడా ఏమీ లేదు. చెవి పట్టుకుని ముందుకి వంచింది. "చెవి వెనక ఎప్పుడైనా చూశారా?" అని నన్ను అడిగింది.

చూడలేదు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు.

"ఒక్క పొక్కు లేదు చూడండి. కుడి చేతికి కూడా ఎక్కడో రెండు మూడే. అమ్మా, మీరేం పని చేస్తారు?"

"డ్రైవింగు నేర్పుతాను."

డాక్టరమ్మ భూతద్దం బల్ల మీద పెట్టింది. "ఒకసారి కుర్చీ అటు తిప్పుకోండి. కారులో ఎలా కూర్చుంటారో అలా కూర్చోండి."

మా ఆవిడ కుర్చీ తిప్పుకుంది. అలవాటుగా రెండు పాదాలూ కాస్త ముందుకి చాపింది, బ్రేకు మీదొకటి, క్లచ్చి మీదొకటి. ఎడమ మోచెయ్యి కిటికీ అంచు మీద ఆనించినట్టు పెట్టింది. డాక్టరమ్మ వెళ్ళి తెర పక్కకి లాగింది. మధ్యాహ్నపు ఎండ అద్దంలోంచి సరిగ్గా ఆ ముంజేతి మీద, మెడ పక్కన, ఎడమ చెంప మీద పడింది. ఎక్కడెక్కడ ఎర్రగా ఉందో అక్కడే పడింది. గడ్డం కింద నీడ. చెవి వెనక నీడ.

గదిలో నలుగురం ఉన్నాం. అందరం ఆ ఎండనే చూశాం. డాక్టరమ్మ వెంటనే తెర మూసేసింది.

"అద్దాలు ఎత్తే ఉంచుతుందండీ ఎప్పుడూ" అన్నాను. "ఎండ తగలకుండా, గాలి..."

"అద్దం గాలిని ఆపుతుందండీ. ఎండలో ఒక రకాన్ని ఆపుతుంది. ఇంకో రకం దాటుకుని లోపలికి వచ్చేస్తుంది." మా ఆవిడ వైపు తిరిగింది. "ఎన్నేళ్ళుగా నేర్పుతున్నారమ్మా?"

"పదకొండేళ్ళు."

"అందులో ఎనిమిదేళ్ళు ఇదే ఎండ, ఇదే సీటు. ఏమీ కాలేదు. మూడేళ్ళ కింద ఏదో మారింది. మందులేమైనా వాడుతున్నారా?"

నేను కాగితం చూపించాను.

"ఇవన్నీ పొక్కులు వచ్చాక వాడినవి. రాకముందు నుంచి వేసుకునేవి?"

"ఏమీ లేవు" అన్నాను.

"పొద్దున్నే ఇస్తారే, తెల్ల బిళ్ళ?" అంది మా ఆవిడ.

"అది మందు కాదులే. బీపీది."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఇరవై ఆరేళ్ళు మందులమ్మిన నోరు. అమ్మాయి నా వైపు తిరిగి చూసింది. డాక్టరమ్మ నవ్వలేదు. అదే నయం అనుకున్నాను, లేదా అదే కష్టమయింది, ఇప్పుడు చెప్పలేను.

"ఏ బిళ్ళ?"

పేరు చెప్పాను. రాస్తున్న కలం ఆగింది.

"ఎవరు రాశారిది?"

"మొదట డాక్టరు గారు వేరేది రాశారు. దానికి పాదాలు వాచేవి. అందుకని నీరు లాగేసే మందు కూడా కలిసి ఉన్నది... నేనే మార్చాను."

"ఎప్పుడు?"

"మూడేళ్ళయింది. ఆ చలికాలంలో."

చలికాలం తర్వాత వచ్చేది ఏ కాలమో ఆ గదిలో ఎవరూ పైకి అనలేదు.

"ఇదేనని ఇప్పుడే అనను" అంది డాక్టరమ్మ, మెల్లగా. "నీరు లాగే ఆ మందుతో కొందరికి ఎండ పడకుండా పోతుంది. కానీ ఒంట్లో వేరే పెద్ద జబ్బు ఉన్నా ఎండకి ఇలాగే రావచ్చు. అందుకని రక్తం చూడాలి. వీపు మీద వెలుతురు పరీక్ష చేస్తాం. బిళ్ళ మార్చమని మీ బీపీ డాక్టరు గారికి ఉత్తరం రాసిస్తాను, ఇవాళే వెళ్ళండి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపొద్దు, మార్చొద్దు. దురద బిళ్ళ నిద్ర తెప్పించనిది ఇస్తాను. మొహానికి రాసే ఆ ట్యూబు బదులు వేరేది. పాతది మానాక మొదట్లో ఇంకా ఎర్రబడుతుంది, భయపడకండి."

"తగ్గుతుందా అమ్మా?" అంది మా ఆవిడ.

"నెలన్నర చూద్దాం. చాలామందికి తగ్గుతుంది. కొందరికి మందు మానేసినా ఎండ పడకపోవడం ఉండిపోతుంది. అబద్ధం చెప్పను మీకు."

మెట్లు దిగేటప్పుడు అమ్మాయి వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుంది. నేను వెనకాల కాగితాలు పట్టుకుని దిగాను.

*

మర్నాడు షాపులో జనం పల్చబడ్డాక ఆ బిళ్ళల డబ్బా ఒకటి తీశాను. లోపల ఎనిమిది మడతలు పెట్టిన కాగితం ఉంటుంది. ఎన్ని వేల కాగితాలు అలా చుట్ట చుట్టి చెత్తబుట్టలో వేసి ఉంటానో. బల్ల మీద పరిచాను. చీమ తలకాయలంత అక్షరాలు. కళ్ళజోడు మీద భూతద్దం పెట్టుకుంటే గాని కనపడలేదు. రెండో వైపు, కింది నుంచి మూడో పేరాలో ఉంది. ఎండ సోకిన చోట దద్దుర్లు రావచ్చు. అంతే, ఒక్క వాక్యం. చదివాను. మళ్ళీ చదివాను. అక్షరాలు అలాగే ఉన్నాయి.

అప్పుడే ఎదురింటావిడ వచ్చింది. "మా ఆయనకి మూడ్రోజుల్నుంచి గుండెల్లో మంటండీ. మొన్న మీరిచ్చారే, అలాంటిదేదైనా ఇవ్వండి."

"డాక్టరుకి చూపించండమ్మా."

"అదేంటి! మీరుండగా డాక్టరెందుకు?"

"చూపించండి" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రానికి వీధిలో, మందులాయనకి గీర పెరిగిందని మాట పుట్టింది. పుట్టనివ్వు అనుకుని కాగితం మడత పెట్టి జేబులో వేసుకున్నాను.

రక్తంలో ఏమీ లేదని వచ్చింది. ఆ పెద్ద జబ్బు ఏమిటో, దాని పేరేమిటో అమ్మాయికి ముందే తెలుసు. నాకూ తెలుసు. ఒకళ్ళకొకళ్ళం చెప్పుకోలేదు. ఆసుపత్రి మెట్ల మీద కాగితం చదువుకుని, అమ్మాయి అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చింది. వాళ్ళమ్మ "ఏమీ లేదంటే ఏడుస్తావేమే" అని వీపు నిమిరింది. మా ఆవిడ వీపు మీద చిన్న చిన్న గళ్ళు గీసి వెలుతురు పెట్టి చూశారు. అద్దం దాటి వచ్చే ఆ వెలుతురు పెట్టిన గళ్ళు మర్నాటికి ఎర్రగా లేచాయి. పట్టుకున్నాం అంది డాక్టరమ్మ. ఇక మందు ఒంట్లోంచి వెళ్ళిపోయాక ఏమవుతుందో చూడాలి.

ఆ నెలన్నరా మా ఇంట్లో పగలు లేదు. కిటికీలకి మందపాటి తెరలు కట్టాం. ట్యూబు ఆపేసరికి, చెప్పినట్టే, మొహం నిప్పులు పోసినట్టయింది. ఆవిడ చల్లటి గుడ్డ వేసుకుని చీకట్లో పడుకునేది. అద్దం చూసుకోవడం మానేసింది. మేం మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు. వీధిలో ఏదైనా బండి వెళ్తే చెవి అటు వేసేది. "రెండో గేరులోనే లాగుతున్నాడు. మూడుకి వెయ్యాలి" అనేది పైకప్పుతో. కాసేపటికి, "ఆఁ, వేశాడు" అనేది.

అమ్మాయి ఉద్యోగానికి, నేను షాపుకి. ఇంటికొచ్చాక గుడ్డలు తడపడం, వంట, గిన్నెలు. నేనూ అమ్మాయీ వంటగదిలో పక్కపక్కనే నిలబడి పని చేసుకునేవాళ్ళం. ఉప్పు ఎక్కడుంది, కూర మాడుతోంది, అంతవరకే మాటలు. అందరికీ కోపం కంటే అలసట ఎక్కువ ఉంది ఆ రోజుల్లో.

పదో రోజు మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు చెప్పాను. ఆవిడ మంచం పక్కన కుర్చీలో కూర్చుని, గుడ్డ మార్చి, చెప్పాను.

"ఆ బిళ్ళల డబ్బాలో కాగితం ఉంటుంది. అందులో రాసి ఉంది. ఎండ పడకపోవచ్చని."

ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది.

"ముందు నుంచీ ఉందా అది?"

"ముందు నుంచీ ఉంది."

"ఎప్పుడు చదివారు?"

"డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చిన మర్నాడు."

ఇంకేదో అడుగుతుందనుకున్నాను. అడిగితే చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. పాదాలు వాచి నువ్వు బ్రేకు తొక్కలేకపోతున్నావనే మార్చానని, నీ మేలుకే చేశానని, ఇంకా ఏవేవో. వరసగా పెట్టుకుని ఉన్నాను.

"ఆ తెర కాస్త దగ్గరగా లాగండి" అంది. "సందులోంచి వెలుతురు వస్తోంది."

లేచి లాగాను.

*

నాలుగో వారంలో దురద తగ్గింది. ఐదో వారంలో చెంప మీద వాపు దిగి ఆవిడ మొహం ఆవిడకి తిరిగొచ్చింది, కాస్త పాలిపోయి. ఆరో వారంలో డాక్టరమ్మ చెప్పినట్టు కిటికీ తెర తీసి, ఆవిడ ఎడమ చెయ్యి గట్టు మీద పెట్టి పది నిమిషాలు ఎండలో ఉంచింది. నేనూ అమ్మాయీ చెరోపక్కా కూర్చున్నాం. ముగ్గురం ఆ చేతినే చూస్తూ కూర్చున్నాం, అదేదో మాట్లాడుతుందన్నట్టు. పది నిమిషాలయ్యాక ఆవిడే చెయ్యి తీసేసుకుని, "ఇంక చాలు, లేవండి, నాకు సిగ్గేస్తోంది" అంది.

ఒకరోజు గడిచింది. రెండో రోజు గడిచింది. ఏమీ రాలేదు. అలా రోజుకి కాస్త కాస్త పెంచుకుంటూ పోయింది.

అన్నీ ఉన్నచోటికి రాలేదు. పిల్లిని తెచ్చుకోవడానికి అమ్మాయి వెళ్ళింది గాని, ఖాళీ బుట్టతో తిరిగొచ్చింది. ఆ స్నేహితురాలి చిన్న కూతురు దానికి కొత్త పేరు పెట్టుకుని పక్కలో పడుకోబెట్టుకుంటోందట. "ఇమ్మని ఎలా అడగను నాన్నా" అంది. ఆ పక్కింటి కిటికీలో మా కుండీలు పూలు పూశాయి. డ్రైవింగు స్కూల్లో ఆవిడ సీట్లో వేరే ఆయన్ని పెట్టుకున్నారు. అయితే బ్రేకులాయన ఇంకెవరి దగ్గరా కూర్చోనని భీష్మించుకున్నారట. రోజూ వెళ్ళి ఆఫీసు మెట్ల మీద కూర్చుని వచ్చేవారట. చివరికి యజమానే ఫోను చేశాడు. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది దాకా, ఎండ ముదరకముందు, మీకు వీలైతే రండి అన్నాడు.

కారు అద్దాలకి ఎండ ఆపే పొర అంటించారు. ఆవిడ మొహానికి తెల్లగా ఏదో పూసుకుని, చేతులకి తొడుగులు వేసుకుని మొదటిరోజు వెళ్ళింది. గంట తర్వాత అటు వెళ్ళే పనేదో కల్పించుకుని నేనూ వెళ్ళాను. మైదానంలో ఆ తెల్ల కారు మెల్లగా తిరుగుతోంది. నాలుగడుగులకొకసారి టక్కున ఆగుతోంది. ఆగినప్పుడల్లా లోపల ఆవిడ తల ముందుకి ఊగి వెనక్కి పడుతోంది. నవ్వుతోందో లేదో అంత దూరం నుంచి తెలియలేదు.

మొదటి వానకి రెండ్రోజుల ముందు బీపీ చూపించుకోవాల్సిన రోజు వచ్చింది. షాపు పని ముగించుకుని నేను తీసుకెళ్తానన్నాను. పని అయ్యాక అట్నుంచి అటే వెళ్ళొస్తానంది. వెళ్ళొచ్చింది. నేను భోజనానికి ఇంటికొచ్చేసరికి చేతి తొడుగులు విప్పి ఆరేస్తోంది.

"ఏమన్నారు?"

"బాగుందన్నారు. పాదాలకి వాపు కూడా లేదన్నారు. కొత్త బిళ్ళ ఇదే వాడమన్నారు."

"చీటీ ఇలా ఇయ్యి. సాయంత్రం వచ్చేటప్పుడు తెస్తాను."

"తెచ్చేసుకున్నాను" అంది.

సంచిలోంచి చిన్న కాగితం కవరు తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద నాలుగు రోడ్ల దగ్గరి షాపు ముద్ర. ఆసుపత్రికీ ఇంటికీ మధ్యలో నా షాపే ఉంది. నాలుగు రోడ్ల దగ్గరికి వెళ్ళాలంటే మా ఇల్లు దాటుకుని వెళ్ళి, మళ్ళీ వెనక్కి రావాలి.

ఆవిడ మొహంలోకి చూశాను. కోపం లేదు. నాకు చూపించాలనీ లేదు, దాచాలనీ లేదు. ఎండలో నడిచొచ్చిన మనిషి మొహం, అంతే.

"మంచి షాపే అది" అన్నాను.

"ఆఁ. అడిగినవన్నీ విసుక్కోకుండా చెప్పాడు."

బిళ్ళ ఒకటి విప్పి అరచేతిలో వేసుకుంది. నేను నీళ్ళ కోసం లేవబోయాను.

"కూర్చోండి" అంది. "నేను తెచ్చుకుంటాను."

కూర్చున్నాను.